క్లాసిక్ అయ్యేదాక ఆగాల్నా?

ఇయ్యాల ఆఫీసుల ఒళ్లు మండిపోయింది.

హైటెక్ సిటీల మా టీమ్‌కు శుక్రవారం లంచ్ తర్వాత సినిమా ముచ్చట్లుంటయ్. ఈసారి మా మేనేజర్ ఒక పాత సైకలాజికల్ హారర్ సినిమా గురించి చెప్పిండు. అందుల ఒకామెకు ఎవడో తన వెంట పడుతున్నడని భయం. మొగుడు, డాక్టర్, పక్కింటోళ్లు అందరూ అది భ్రమేనంటరు.

"రిలీజైనప్పుడు క్రిటిక్స్ చీల్చి చెండాడారండి, హీరోయిన్‌ది ఓవరాక్షన్ అని. ఇరవై ఏళ్లు పోయాక క్లాసిక్ అన్నారు. ఆమె మాట ఎవరూ నమ్మకపోవడమే అసలు హారర్. అది అర్థంకాక లైట్ తీసుకున్నారు" అన్నడు. అందరూ చప్పట్లు కొట్టిన్రు.

నాకు మొన్న సోమవారం జరిగింది యాదికొచ్చింది. మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసు గేటు దాక ఒకడు రోజూ నా వెనకాలే వస్తున్నడు, జర సెక్యూరిటీకి చెప్పండని ఇదే మేనేజర్‌ను అడిగిన. "చూడమ్మా, నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావ్. లైట్ తీసుకో" అన్నడు.

అందుకే ఇయ్యాల అందరి ముందే అడిగిన. "సార్, ఆమెను నమ్మనోళ్లది తప్పయితే, నన్ను లైట్ తీస్కోమన్న మిమ్మల్ని ఏమనాలె?"

వాటర్ బాటిల్ మూత తిప్పుకుంట, "సినిమా వేరు, ఇది వేరమ్మా" అన్నడు.

ఏం వేరు? సాయంత్రం నేను ఆఫీసు నుంచి కిందికి దిగేసరికి ఆ వెంటపడేటోడు గేటు కాడనే నిలబడి ఉన్నడు.

క్రిటిక్స్‌కు ఇరవై ఏండ్లు పట్టిందట. నాకు అంత టైమ్ ఉందంటరా? మీరే చెప్పండి.