ఆకుపచ్చ చెంప దాసి

చైనాలో తాంగ్ రాజుల ఏలుబడిలో లోయాంగ్ నగరపు పెద్దమనుషులు బతికినన్నాళ్లూ ఒక్క పనిమనిషికి కడుపునిండా పెట్టలేకపోయినా, చచ్చాక మాత్రం నలభై మంది వెంట లేనిదే గోతిలోకి దిగేవారు కాదు. ఆ నలభై మందినీ మట్టితో చేసి, రంగుల గాజుపూత పూసి కాల్చి పంపే బట్టీలు గోంగ్ ఊళ్లో ఏటి ఒడ్డున ఉండేవి. వాటిలో పాంగ్ గారి బట్టీలో బొమ్మలకు మొహాలు గీసేది అర్‌నియాంగ్. ఆ పేరుకు రెండో అమ్మాయి అని అర్థం. రెండో ఆడపిల్లకు ఇంకో పేరు ఆలోచించే తీరిక వాళ్ల నాన్నకు లేకపోయింది.

పూత బట్టీలో కరిగి ఇష్టమొచ్చినట్టు జారుతుంది. గుర్రం వీపు మీద అది అందమే కానీ మనిషి మొహం మీద పనికిరాదు. అందుకే తలలకు పూత పెట్టరు. బొమ్మ చల్లారాక కుంచెతో కళ్లూ కనుబొమలూ పెదాలూ దిద్దుతారు. పద్దెనిమిదేళ్లుగా దిద్దుతున్నా అర్‌నియాంగ్ చేతికి వచ్చిన ఆడమొహం ఒక్కటే, రోజూ నీళ్లతొట్టిలో కనబడే తన మొహం. చుట్టుపక్కల ఏ పెద్దమనిషి గోరీలో చూసినా నలుగురు అర్‌నియాంగ్‌లు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారని బట్టీలో వేళాకోళం చేసేవారు.

ఇంట్లో చాకిరీకి మాత్రం ఆమె ఒక్కతే. భర్త ఎప్పుడో పోయాడు, అత్త మిగిలింది. ఆ అత్త క్వే ముసలమ్మ నోటికి జడిసి వీధికుక్కలు కూడా పక్కసందులోంచి వెళ్లేవి. ఆ చలికాలం ఆమె మంచం పట్టింది. మందు అడగలేదు, మాంసం అడగలేదు. ఒక్కటే పట్టు పట్టింది.

“నాకో దాసి కావాలే. పుట్టింది మొదలు చాకిరీయే చేశాను. అక్కడైనా ఒకతె నా కాళ్లకి వేడినీళ్లు పెట్టాలి. ఊళ్లో వాళ్ల శవాలన్నిటికీ చేస్తావు, అత్త శవానికి చెయ్యలేవా?”

“అది తర్వాత చూద్దాంలే అత్తా. ముందీ కొర్రగంజి తాగు.”

“నీ గంజి తాగితే ఆ తర్వాతేదో తొందరగానే వస్తుందిలే.”

బొమ్మ కొనే తాహతు వాళ్లకు లేదు. ముసలామె ఆ ఒక్క కోరికా తీరకుండానే పోతుందేమోనని అర్‌నియాంగ్‌కు బెంగ పట్టుకుంది.

దారి చూపించింది ఒక చిన్న ఉద్యోగి కొడుకు. పోయిన తండ్రి జీవితమంతా ధాన్యపు కొట్టు గుమ్మం దాటలేదు. కొడుకు ఆయనకు రెండు ఒంటెలు చేయించాడు. పాపం, ఎడారి చూడాలని ఆయనకు ఎంత ఉండేదో మరి. తండ్రి హోదాకు చట్టం ఒప్పుకున్న నలభై బొమ్మలనూ తిప్పి తిప్పి చూసి, ఇంకా మొహం దిద్దని ఒక దాసి దగ్గర ఆగాడు. బట్టీలో పై అరన ఉన్న ఒంటె మీంచి ఆకుపచ్చ పూత కారి ఆమె చెంప మీద గడ్డకట్టింది.

“మా నాన్నగారికి పాచిపట్టిన పనిమనిషా?” అన్నాడు.

“పొరపాటైంది బాబూ. పగలగొట్టిస్తాను,” అన్నాడు పాంగ్.

“అయ్యా, అది నాకిప్పించండి. మా అత్తకి,” అంది అర్‌నియాంగ్.

పాంగ్ నవ్వాడు. “మీ అత్తకి దాసీయా? రేపు పల్లకీ కూడా అడుగుతుందేమో. సరే, పట్టుకుపో. నాకు పగలగొట్టే శ్రమ తప్పింది.” సాయంత్రానికల్లా ఈ దానధర్మం సంగతి బజారులో తెలియనివాడు లేడు.

అర్‌నియాంగ్ ఇంటికి తెచ్చి మొహం దిద్దింది. గాజు మీద రంగు నిలవదు కనక ఆ చెంపను అలాగే వదిలేసింది. ముసలామె బొమ్మను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

“చెరిపెయ్.”

“ఆ మరక పోదత్తా.”

“మరకనెవరన్నారు? అది ఉండనీ. మొహం చెరుపు. అది నీ మొహం.”

అర్‌నియాంగ్‌కు ఒళ్లు మండింది. “నా మొహం అంత చేదైపోయిందా?”

“ముప్పై ఏళ్లు చూశాను, చాలదా?” ముసలామె దగ్గి దగ్గి గోడవైపు తిరిగింది. “నా గుడ్డలుతికావు, నా ఉచ్చలెత్తావు. అక్కడికీ నిన్నే లాక్కుపోయి చాకిరీ చేయించుకోమంటావా? నేను గయ్యాళిని గానీ, మరీ అంత పాపిష్టిదాన్ని కానే.”

అర్‌నియాంగ్ బొమ్మను తీసుకుంది. తడిగుడ్డతో కళ్లు చెరిపింది, పెదాలు చెరిపింది.

“మరి ఎవరిది గియ్యను?”

“మీ పాంగ్‌ది పెట్టు. నీళ్లు కాచడం ఆయనకి నేను నేర్పుతాను.”

అయిదోరోజున ముసలమ్మ పోయింది. పూడ్చేముందు ఆనవాయితీ ప్రకారం, వెంట పంపే సామాను గోతి పక్కన చాప మీద పరిచారు. ఉన్నది ఒక కుండ, ఒక దువ్వెన, ఆ దాసి. పాంగ్ గారు దయచేసి, వంగి చూసి, గడ్డం నిమురుకున్నారు.

“ఎంత పెద్దరికం ఉట్టిపడుతోందో ఈ మొహంలో. ఎవరి పోలికే?”

“మాకు అన్నం పెట్టే మనిషిదండి.”

ఆయన సంతోషించి బొమ్మకో నమస్కారం పెట్టారు.

అర్‌నియాంగ్ తానే గోతిలోకి దిగి దాసిని అత్త కాళ్ల దగ్గర నిలబెట్టింది. అప్పుడు ఏడుపు ఆగలేదు. ఎంత మంచి కోడలో అని జనం మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్లలో అత్త ఆమెకు సెలవిచ్చింది ఇప్పుడే. ఆ సెలవును ఏం చేసుకోవాలో తెలియక ఆమె గోతిలోనే కూలబడింది.