సాయిలుకు నేను తాగించిన నీళ్లు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటైపోవాలి కదా? కాలేదు. పైగా మొన్న ఆదివారం నాంపల్లిలో నాకు సన్మానం చేసి, మెడలో మూడు దండలు వేసి, ఆ అబద్ధానికే చప్పట్లు కొట్టారు. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే ఇది చెప్పేవాణ్ని కాను. నా పేరు అడగకండి. మా ఆఫీసు పేరూ చెప్పను. చేసింది నేను, ఆఫీసు కాదు.

నేను చెడుగుడు ఆడి ఉద్యోగం సంపాదించుకున్నవాణ్ని. పొద్దున రిజిస్టరులో సంతకం, మధ్యాహ్నం నుంచి మైదానం, నెల తిరిగితే జీతం. సన్మాన సభలో ఒక పెద్దమనిషి నన్ను పులి అన్నాడు. ఆయన నా ఆట ఒక్కటీ చూడలేదు. చూసినవాళ్లు కూడా తలలూపారు. చేతిలో పూలదండ ఉంటే మనవాళ్లు ఎవరి మెడలోనైనా వేస్తారు, ఆ మెడ ఎవరిదో చూడరు.

మాది గుంటూరు వైపు. యాభై ఆరులో నాన్నగారి గుమాస్తా ఉద్యోగంతో పాటు మేమూ హైదరాబాదు వచ్చాం. అబిడ్స్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. నాకు చదువు అబ్బలేదు, ఆట కాస్త అబ్బింది. సాయంత్రాలు నాంపల్లిలో, ఎగ్జిబిషన్ మైదానం దగ్గర ఖాళీ జాగాలో ఆడేవాళ్లం. సాయిలు నాకు అక్కడే కలిశాడు.

మెదక్ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. స్టేషన్ వెనక ఒక గోదాములో హమాలీ. మా జట్టులో కుడివైపు చివర నిలబడేవాడు. కూతకు వచ్చినవాడి మడమ అతని చేతికి చిక్కిందంటే ఇక అంతే, బస్తాలెత్తిన వేళ్లు వదిలేవి కావు. నేను ఆడేదీ ఆ చోటే. అతను ఉంటే నేను గీత బయట కూర్చోవాలి. రెండేళ్లు అలాగే కూర్చున్నాను. కాలేజీ మెట్లెక్కినవాణ్ని, ఇంగ్లీషు పేపరు చదివేవాణ్ని, బస్తాలు మోసేవాడి తర్వాతా? ఈ మాట పైకి ఎప్పుడూ అనలేదు. పైకి మాత్రం భుజం మీద చెయ్యి వేసి నడిచేవాణ్ని. పైన పటారం, లోన లొటారం.

అరవైల చివర్లో ఒక సర్కారీ ఆఫీసు కొత్తగా జట్టు కడుతోందని తెలిసింది. ఎంపికైనవాడికి ఉద్యోగం ఖాయం. ఆడేది బరువును బట్టి జరిగే పోటీల్లో కాబట్టి అరవై కిలోలు దాటినవాడు పనికిరాడు. రెండు రోజులు ఆటలు ఆడించి చూశారు. కుడి చివరకు సాయిలే అని అందరికీ తెలిసిపోయింది. ఇక మిగిలింది తూకం. అది శుక్రవారం సాయంత్రం నాలుగింటికి.

నాకు తూకం బెంగ లేదు. అమ్మ పోసే నెయ్యి ఏనాడూ నా ఒంటికి పట్టలేదు. సాయిలు మాత్రం అరవై రెండుండేవాడు. మూడు రోజులు ఒక్క పూటే జొన్న గట్క తిని, శుక్రవారం తెల్లవారినప్పటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా, తన గోదాములోని కాంటా మీదే నిలబడి చూసుకున్నాడు. యాభై తొమ్మిదిన్నర. ఆ సంతోషంలో కొత్త బనియను కొనుక్కుంటానని అబిడ్స్ వచ్చి, నన్ను తోడు పిలిచాడు. ఎండ మండిపోతోంది. ఇరానీ హోటల్ ముందుకు రాగానే అతను ఆగి, లోపల బల్ల మీద పెట్టిన గ్లాసుల వంక చూసి, మళ్లీ తల తిప్పుకున్నాడు.

ముందే అనుకుని వెళ్లానా? లేదు. అప్పటికప్పుడు పుట్టిన బుద్ధా? అదీ కాదేమో. రెండేళ్లుగా లోపల మురుగుతున్నది ఆ క్షణాన నోటికి వచ్చింది.

"నీకు చెప్పడం మరిచిపోయానోయ్," అన్నాను. "తూకం రేపు పొద్దునకి మార్చారు."

"ఏంది? రేపా? ఎవరు జెప్పిన్రన్నా?"

"మా నాన్నగారి ఆఫీసుకి ఫోను వచ్చింది."

"ఫోన్ల జెప్పిన్రా? గట్లయితే పక్కానే." ముఖం విప్పారింది. "జర కూసుందమన్నా. పొద్దుగాల్నుంచి గుక్కెడు నీళ్లు తాగలే. గొంతు ఎండుకపోయింది."

"తాగు. రాత్రి పస్తుంటే సరిపోతుంది."

ఫోను అన్న మాటకు అంత బలం ఉంటుందని నాకు తెలుసు. ఫోను మా వాళ్ల వస్తువు. అతను ఎక్కడికి వెళ్లి కనుక్కుంటాడు?

నాలుగు గ్లాసులు తాగాడు. మొదటి రెండూ ఊపిరి తీసుకోకుండా తాగాడు. నేను చాయ్, బిస్కట్లు తెప్పించాను. వద్దంటుంటే సమోసాలు కూడా తినిపించాను. మా పిన్ని కూడా అల్లుడికి అంత మర్యాద చేసి ఉండదు. తింటూ అతను నౌకరి దొరికితే ఏం చేస్తాడో చెప్పాడు. బస్తాల పని మానేస్తాడట, ఊళ్లో ఉన్న భార్యనూ బిడ్డనూ తెచ్చుకుంటాడట. నేను ఊఁ కొడుతూ విన్నాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే.

మూడున్నరకి నాంపల్లి తిరిగి వస్తుంటే జట్టువాడొకడు ఎదురై, "గీడేం జేస్తున్రు, ఆడ కాంటా వెట్టిన్రు!" అని అరిచాడు. సాయిలు నా వంక చూశాడు. నేను నోరు తెరిచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాన్నగారి ఆఫీసు ప్యూను తప్పు చెప్పి ఉంటాడని ఆ ప్యూన్ను నాలుగు తిట్లు తిట్టాను. పాపం, ఆ ప్యూనుకి ఈ సంగతే తెలియదు. అక్కడికక్కడ ఇంకో పేదవాణ్ని వెతికి నా తప్పు అతని నెత్తిన పెట్టేశాను. చురుకైనవాణ్ని కదా.

కాంటా అరవైన్నర దాటింది. ఆఫీసరు కాస్త మంచివాడే, గంట గడువిచ్చాడు. సాయిలు ఎవరిదో గొంగడి కప్పుకుని ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తాడు. అతని పక్కనే నేనూ పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. పశ్చాత్తాపమా? కాదు. నలుగురూ చూస్తున్నారు, అంతే.

మళ్లీ నిలబడితే ఇంకా కాస్త ఎక్కువ. సాయిలు తల తడుముకున్నాడు. ఏడాదిగా జుట్టు పెంచుతున్నాడు. బిడ్డకు జ్వరమొస్తే కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్న తలనీలాలు అవి. ఒక్క నిమిషం నిలబడ్డాడు. తర్వాత గోడవారన క్షవరాలు చేసే ముసలాయన ముందు గొంతుక్కూర్చున్నాడు. మల్లన్నకు ఇవ్వాల్సిన జుట్టు నాంపల్లి దుమ్ములో పడింది. అప్పుడైనా నేను నోరు విప్పవచ్చు. ఆఫీసరు అక్కడే ఉన్నాడు, ఒక్క మాట చాలు. నేను సాయిలు బట్టలు పట్టుకుని నిలబడ్డాను.

గుండుతో, గోచీతో కాంటా ఎక్కాడు. పావుకిలో ఎక్కువ. ఆఫీసరు కాగితం మీద అతని పేరు కొట్టేసి, నా పేరు రాశాడు.

నా ముఖం మీద చెమట కారుతుంటే సాయిలు అది కన్నీళ్లనుకున్నాడు. "ఏడ్వకన్నా," అన్నాడు. "నీ తప్పేమున్నది? నా నసీబు గంతే."

నా ఆట గురించి కూడా చెప్పేస్తాను. మొదటి పోటీలోనే ముగ్గురు నా చేతుల్లోంచి జారిపోయారు. రెండో ఏడు మోకాలు బెణికింది. ఆ తర్వాత ఎక్కువగా గీత బయటే కూర్చున్నాను, ఈసారి జీతం తీసుకుంటూ. ఆ పులి చరిత్ర ఇంతే. ఇప్పుడు ఆటగాళ్లను ఎంపిక చేసేదీ నేనే, కాంటా పక్కన నిలబడేదీ నేనే.

సాయిలు ఇప్పటికీ హమాలీయే. మొన్న సభకు వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. ఎవరో మాట్లాడమంటే మైకు దగ్గరికి వచ్చి, ఆనాటి కథ చెప్పాడు. "నేను బరువు దిగాలని గంత ఎండల నా ఎంబడి ఉరికిండు. గిసొంటి దోస్తు ఎవరికి దొరుకుతడు?" అన్నాడు. సభంతా చప్పట్లు. నాకు చెమటలు పట్టాయి. అతను దిగివచ్చి, బల్ల మీది గ్లాసు నా చేతికిచ్చి, "నీళ్లు తాగన్నా," అన్నాడు.

తాగాను.

వెళ్లి అతనికే చెప్పొచ్చు కదా అంటారు మీరు. గోదాము మా ఆఫీసుకి పది నిమిషాల నడక. చెబితే ఏమంటాడో నాకు తెలుసు. "పోనీ తియ్యన్నా," అంటాడు. అది నేను భరించలేను. ఎందుకని? ఒక హమాలీ నన్ను క్షమించడమేమిటి అని లోపల ఇంకా ఎవడో అంటున్నాడు. ఆనాడు హోటల్లో కూర్చున్నవాడే వాడు. వాడు చచ్చాడనుకున్నాను, చావలేదు. అదీ రాసేస్తున్నాను.

మీరు నన్ను క్షమించే పని పెట్టుకోకండి. అది మీది కాదు. మొన్న మైకు నా చేతికి వచ్చినప్పుడు అనాల్సిన మాట ఒక్కటే ఉంది. అనకుండా అందరికీ వందనాలు చెప్పి కూర్చున్నాను. ఇక్కడైనా అంటాను. ఏ ఫోనూ రాలేదు సాయిలూ. తూకం ఆ సాయంత్రమేనని నాకు తెలుసు. తెలిసే తాగించాను.