గులాబీ రంగు కుల్లాయి

ఆ రోజుల్లో గోళ్లు కొరుక్కోవడాన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టేవారు కాదు, పెంపకంలో లోపమనుకునేవారు. ఇరవై రెండేళ్ల నేను మద్రాసులో, కోడంబాక్కంలోని అన్నయ్య ఇంట్లో ఉంటూ గుమాస్తాగిరీ వెలగబెడుతున్నాను. ఆఫీసరు దగ్గు వినబడితే చాలు, చెయ్యి దానంతటదే నోట్లోకి వెళ్లేది. ఒకసారి నా గోరు ముక్క ఫైల్లో పడి ఆయన బల్ల దాకా ప్రయాణం చేసింది. ఆయన దాన్ని గుండుసూదితో చూపిస్తూ, "జతపరిచామని రాశారే, ఇదేనా?" అని అడిగారు. (నవ్వని మనిషి కావడంతో నాకు మరీ భయం వేసింది.)

ఆ సిగ్గుతో సెలవు రోజైనా మంచి పని చేద్దామని, ఆదివారాలు ఒక ప్రసూతి ఆసుపత్రిలో చదువురాని వాళ్లకు ఉచితంగా ఉత్తరాలు రాసిపెట్టడానికి కుదురుకున్నాను. నాలాగే సేవకు వచ్చే ఒక అవ్వ అక్కడ కూర్చుని, పేద తల్లుల బిడ్డలకు నూలుదారంతో కుల్లాయిలు అల్లుతుండేది. తరతరాలుగా పట్నంలోనే ఉన్న తెలుగావిడ. నా వేళ్లు చూసి, "ఏంది నాయనా, ఇంట్లో కూడు పెట్టరా నీకు?" అని ఒక కొక్కెం సూదీ దారపుండా నా చేతిలో పెట్టింది. రెండు నెలల్లో నాకు అల్లిక వచ్చింది, దాంతోపాటు పదివేళ్లకూ గోళ్లు వచ్చాయి. మగవాడు లేసు అల్లుతున్నాడంటే నవ్విపోతారని ఇంట్లో మాత్రం చెప్పలేదు. స్నేహితుడింటికి వెళుతున్నానని బొంకేవాణ్ని.

అనుమానం మొదలైంది వదినకు. అన్నం వడ్డిస్తూ నా చేతివంక చూసి, "అత్తమ్మ వేళ్లకు వేపనూనె రాసినా మానలేదు. ఇప్పుడు ఎవరు చెప్తే మానేసినావు అబ్బయ్యా?" అంది. ఎవరూ లేరన్నాను, కంగారుగా. ఆ కంగారే కొంప ముంచింది. ఆ తర్వాత నా చొక్కాలు ఉతుక్కి వేసేముందు వాసన చూసేది, నా స్నేహితుడి ఇంటిపేరు అడిగేది. (వారానికొక ఇంటిపేరు చెప్పానని తర్వాత తెలిసింది.) చివరికి ఒకరోజు నా సంచిలో గులాబీ రంగు కుల్లాయి దొరికింది, నిమ్మకాయంత తలకు సరిపోయేది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డకు ఎన్నో నెల?"

"ఇంకా పుట్టలేదు వదినా," అన్నాను నిజాయితీగా.

అన్నయ్య చేతిలో పేపరు జారిపోయింది. నాన్నకు ఉత్తరం రాస్తానని కాగితం తీశాడు. వదిన ఆపింది. "ఉండండి. ఆ పిల్ల ఎవరో నేను చూసొస్తా," అంది.

మర్నాడు ఆదివారం. నింద అర్థమైనా అల్లిక సంగతి బయటపెట్టలేక, ఎలక్ట్రిక్ రైల్లో వదినను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆసుపత్రి వరండాలో అడుగు పెట్టామో లేదో, నిండు చూలాలు ఒకామె చేయూపింది. "వచ్చినావా అన్నా! పొద్దున్నుంచి నీకోసమే చూస్తా ఉండాను!" వదిన మొహం మాడిపోయింది. ఇంతలో ఇంకొకామె, ఆ వెనక మరొకామె. వదిన గోడ పట్టుకుని, "ఎంతమందయ్యా?" అంది నీరసంగా.

అవ్వ కళ్లద్దాల మీదుగా చూసింది. "ఎవురమ్మా నువ్వు? ఆడ నిలబడకుండా ఈడ కూర్చో. ఈ అబ్బాయి వీళ్లకు జాబులు రాస్తాడు, కుల్లాయిలు అల్లతాడు. గోళ్లు తినకుండా ఉండాలని నేనే నేర్పినా." వదిన సంచిలోంచి ఆ కుల్లాయి తీసి, అటూ ఇటూ తిప్పి, "ఈ వంకర అల్లిక చూసైనా నాకు తెలియాల్సింది, దీని వెనక ఏ ఆడపిల్లా లేదని," అంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఆవిడే ముందు తయారయ్యేది.

సూదీ దారమూ చేతబట్టానని ఒప్పుకోవడం కంటే, ఎవరి బిడ్డకో తండ్రినన్న నింద ఒక రాత్రంతా మోయడమే మగతనమనుకున్న ఆ కుర్రవాణ్ని తలచుకుంటే ఇప్పుడు కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని భుజం తట్టాలనిపిస్తుంది, అంతే.