మా వాటాల్లో గాలిని పరీక్షించిన బాబాయిగారు

పోయిన మంగళవారం పొద్దున్నే రాజమండ్రి నుంచి పిన్నిగారు ఫోన్ చేశారు. "మీ బాబాయిగారు వెళ్లిపోయారమ్మా. తెల్లవారుజామున నిద్రలోనే. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు" అన్నారు. ఆవిడ గొంతు స్థిమితంగానే ఉంది. 

ఆయన మాకు చుట్టం కాదు. తొంభైల చివర్లో రాజమండ్రి పాత ఊళ్లో మేం అద్దెకున్నప్పుడు మా పక్కవాటాలో ఉండేవారు. కాలేజీ బోటనీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యారు. మా ఇళ్ల వరుసలో చిన్నా పెద్దా అందరం బాబాయిగారనే పిలిచేవాళ్లం. అటెండరు పోతే పేపర్లో ఫోటో వేసేవాళ్లుండరు. కానీ ఆ వరుసలో పెరిగిన పిల్లలు ఆయనకి ఎంత రుణపడి ఉన్నారో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

గోదావరి గట్టుకు కాస్త ఇవతల, ఒకే కప్పు కింద ఎనిమిది వాటాలు. వాటాకీ వాటాకీ మధ్య గోడ ఉమ్మడి. ముందు వసారా, తర్వాత ఒక గది, వెనక మరో గది, వంటిల్లు. కట్టి ఎన్నేళ్లయిందో ఇల్లుగలాయనకే సరిగ్గా తెలీదు. మేం దిగేముందే వెనక గదులన్నిటికీ ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేయించారు. గోడలు అద్దంలా మెరిసేవి. నాకెంతో నచ్చి ఆ ఇల్లు ఒప్పుకున్నాం.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా పాపకి ఆయాసం పట్టుకుంది. నాలుగేళ్ల పిల్ల. వెనక గదిలో పడుకోబెడితే చాలు, ఛాతీలోంచి పిల్లికూతలు. డాక్టరుగారు మందులిచ్చారు. తగ్గేది, మళ్లీ వచ్చేది. మా అత్తగారికి నా మీద కోపం. "వానాకాలం గుడ్డలు ఇంట్లో ఆరేస్తుంది. చల్లనీళ్లతో తల రుద్దుతుంది. పిల్లకి రాక ఏమవుతుంది?" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.  నిజంగానే నా వల్లేనేమో అనిపించేది.

ఒకరోజు బాబాయిగారు పేపరు తిరిగివ్వడానికి వచ్చి, వెనక గది గుమ్మం దగ్గర ఆగిపోయారు. రెండుసార్లు గాలి పీల్చి, "అమ్మా, ఈ బీరువా ఒకసారి జరపొచ్చా?" అన్నారు. మా ఆయనా ఆయనా కలిసి జరిపారు. వెనక గోడకి నల్లటి మచ్చలు, మెత్తగా, అరచెయ్యంత వెడల్పున.

"బూజండి" అన్నారు.

మా అత్తగారికి పౌరుషం వచ్చింది. "బూజేంటండీ! మొన్ననే కదా ఇల్లంతా దులిపించాను."

"మీరు దులిపింది సాలీడు బూజండి. ఇది రొట్టె మీద పట్టే రకం. చీపురుకి లొంగదు" అన్నారాయన నవ్వి. తర్వాత నాతో, "కంటికి కనపడేది ఇంత. గాల్లో ఎంతుందో చూడాలి" అన్నారు.

మర్నాడు వాళ్ల వంటింట్లో ఆయన పని చూశాను. బంగాళాదుంపలు ఉడకబెట్టిన నీళ్లు వడకట్టి, కాస్త పంచదార, జెల్లీలు గడ్డకట్టడానికి వాడే చైనాగ్రాస్ వేసి, కుక్కర్లో పెట్టి, మూతలున్న గాజు పళ్లేల్లో పోశారు. చల్లారాక అది జున్నులా గడ్డకట్టింది; గాల్లోంచి పడ్డ బూజు దాని మీద మొలుస్తుందట. ల్యాబులో తీసిపారేసిన పళ్లేల్ని లెక్చరరుగారి అనుమతితో తెచ్చుకున్నారట. పిన్నిగారు మాత్రం కచ్చితంగా చెప్పేశారు: "పప్పు కుక్కరు ముట్టుకుంటే ఊరుకోను. మీ బూజు కుక్కరు వేరే ఉంది."

ఆయన మా ఇంట్లో ఫ్యాను ఆపించారు. పాప పడుకునే మంచం మీద, దిండు పక్కన ఒక పళ్లెం, ముందు గదిలో ఒకటి, వీధి అరుగు మీద ఒకటి పెట్టి మూతలు తీశారు. మరొకటి మూత తియ్యకుండా పక్కనుంచారు. గడియారం చూసుకుంటూ పావుగంట అక్కడే కూర్చున్నారు.

"వీధిలో ఎందుకండీ?" అన్నాను.

"బూజు ఎక్కడా లేని ఊరు లేదమ్మా. బయట ఎంతుందో తెలిస్తేనే లోపల ఎక్కువో కాదో తెలుస్తుంది."

"మరి ఈ మూత తియ్యనిదో?"

"అది నా కోసం. నేను సరిగ్గా ఉడకబెట్టకపోతే దాంట్లో కూడా మొలుస్తుంది. ముందు నన్ను నేను అనుమానించుకోవాలి కదా."

పావుగంటకి మూతలు పెట్టి తీసుకెళ్లిన పళ్లేల్ని అయిదో రోజున వరుసగా మా అరుగు మీద పెట్టారు. మూత తియ్యనిది శుభ్రంగా ఉంది. వీధి పళ్లెంలో అక్కడక్కడా చుక్కలు, ముందు గదిదాంట్లో ఇంకాస్త ఎక్కువ. పాప దిండు పక్కన పెట్టినది పచ్చగా, నల్లగా, ఖాళీ లేకుండా నిండిపోయింది.  నా బిడ్డ పీల్చే గాలి అది.

"ఇది చూసి జబ్బేంటో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. మందులు ఆపొద్దు. పాపని ముందు గదిలోకి మార్చండి. తడి గుడ్డలు ఇంట్లో ఆరెయ్యడం మానండి, దాని వల్ల కావచ్చు" అన్నారు.

అత్తగారు నావైపు చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేను.

పాపని ముందు గదిలోకి మార్చాం. మూడు వారాలు ఒక్క గుడ్డ కూడా ఇంట్లో ఆరెయ్యలేదు. మళ్లీ వెనక గదిలో పళ్లెం పెడితే అంతే దట్టంగా మొలిచింది. అప్పుడాయన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి, గోడకి రంగు పెచ్చు లేచిన చోట, నాలుగువైపులా గాలి చొరబడకుండా టేపుతో అతికించారు. "గదిలో తడైతే కవరు పైన పడుతుంది. గోడలోంచి వచ్చేదైతే కవరు లోపల పడుతుంది" అన్నారు. రెండు రోజులకి కవరు లోపలివైపు నీటిబొట్లు.

అది చూసి ఆయన నా దగ్గరికి కాదు, తిన్నగా మా అత్తగారి దగ్గరికి వెళ్లారు. "అమ్మగారూ, నేను తప్పు చెప్పానండి. గుడ్డల వల్ల కాదు. గోడలోనే నీళ్లున్నాయి. మీ కోడలి తప్పేం లేదిందులో. తొందరపడి మాటన్నది నేను" అన్నారు.

అరవై దాటిన మనిషి, వసారాలో నిలబడి, నలుగురూ వింటుండగా. వంటింట్లో ఉన్న నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ సాయంత్రం అత్తగారు నా దగ్గరికి వచ్చారు. పాపని తీసుకుని, "నువ్వు కాసేపు నడుం వాల్చు" అన్నారు. ఆవిడ దగ్గర్నుంచి అది చాలా పెద్ద మాట.

తర్వాత ఎనిమిది వాటాల్లోనూ పళ్లేలు పెట్టారు. ఏ ఇంట్లో ఎన్ని మచ్చలో పెన్సిల్‌తో నోటుబుక్కులో గీసుకున్నారు. మూడో వాటా నుంచి ఆరో వాటా వరకు వెనక గదులన్నీ ఒకటే తీరు. వరుస వెనక ఓ ఇరుకు సందు ఉంది. అవతలివాళ్లు ఇల్లు కట్టుకున్నప్పుడు మిగిలిన రాళ్లూ మట్టీ అందులో పోసేశారు. కప్పు మీద వాన పోయే తూము ఆ మట్టి కింద పూడుకుపోయింది. నీళ్లు పోయే దారిలేక గోడలోకి ఇంకుతున్నాయి. పాత సున్నం గోడైతే కొంతైనా ఆరేది. పైనున్న ఆయిల్ పెయింట్ ఆ కాస్తా ఆరనివ్వడం లేదు.

ఇల్లుగలాయన ఒప్పుకోలేదు. "అంత ఖరీదైన రంగు వేయిస్తే గోడ పాడైందంటారేంటండీ? ల్యాబులో గాజుగ్లాసులు కడిగినాయనకి ఇవన్నీ ఏం తెలుసు?" అన్నారు, ఆయన మొహం మీదే.

మా అందరికీ రక్తం మరిగింది. బాబాయిగారు మాత్రం గొంతు పెంచలేదు. "నాకు తెలీదనేనండి పళ్లెం పెట్టింది. ఆరో వాటాలో మీ అమ్మగారు ఉంటున్నారు కదా. ఆవిడ గదిలో పెట్టింది కూడా తెచ్చాను. నా మాట వద్దు, మీరే చూడండి" అని చేతిలో పెట్టారు. మా పాప పళ్లెం కన్నా నల్లగా ఉంది. ఆ పెద్దావిడ ఏడాదిగా దగ్గుతున్నారని వరుసంతటికీ తెలుసు. ఇల్లుగలాయన ఆ పళ్లాన్ని వెలుతురులోకి తిప్పి చూశారు. "ఏం చెయ్యమంటారు?" అన్నారు చివరికి.

పదిరోజుల్లో సందులో మట్టి ఎత్తించారు. తూము బయటపడింది. గోడ మీద రంగు చెక్కుతుంటే పెచ్చుల వెనకంతా మసి పూసినట్టుంది. పని జరిగినన్నాళ్లూ పిల్లలందర్నీ బాబాయిగారు వాళ్ల అరుగు మీదే ఉంచారు, ఆ దుమ్ము పీల్చకుండా. గోడలు బాగా ఆరాక మళ్లీ సున్నమే వేయించారు.

ఎండల్లో పరీక్ష చేస్తే పళ్లేలు దాదాపు ఖాళీ. మేం సంబరపడిపోతుంటే ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. "ఎండాకాలం పరీక్ష ఎవడైనా పాసవుతాడు. శ్రావణం రానివ్వండి."

శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. ఆ ముసురులోనే గొడుగేసుకుని ఎనిమిది వాటాలూ తిరిగి పళ్లేలు పెట్టారు. ఈసారి మా వెనక గదికీ వీధి అరుగుకీ పెద్ద తేడా లేదు. ఆ రోజు మాత్రం ఆయన నోటుబుక్కు మూసి, "మన వరుస పాసైంది" అని అందరికీ వినపడేలా అన్నారు. ఇల్లుగలాయన వాళ్లమ్మగారితో వచ్చి అరటిపళ్లు ఇచ్చి, చేతులు జోడించారు. అది చూసినందుకు నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది.

తర్వాత కొవ్వూరు నుంచి కూడా పిలిచేవారు. పళ్లేల సంచీ భుజాన వేసుకుని రైలెక్కి బ్రిడ్జి దాటి వెళ్లొచ్చేవారు. ఓసారి లెక్చరరుగారు ఇద్దరు స్టూడెంట్లని తీసుకొచ్చి, "ఈయన దగ్గర కూర్చుని నేర్చుకోండి. నాకు నేర్పింది కూడా ఈయనే" అన్నారు. బాబాయిగారు సిగ్గుపడి లోపలికెళ్లి, వాళ్లకి కాఫీ తెచ్చారు.

మా పాపకి ఆయాసం పూర్తిగా పోయిందని చెప్పను. చలికాలంలో ఇప్పటికీ ఒకటి రెండుసార్లు వస్తుంది. కానీ ఆ మొదటి వానాకాలం లాంటిది మళ్లీ రాలేదు.

మన వరుస పాసైందన్న మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను వంటిల్లు సర్దుకుని వస్తున్నాను. బయట వాన హోరు. పాప మళ్లీ వెనక గదిలో, ఆ గోడవైపే తిరిగి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బాబాయిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చప్పుడు కాకుండా చెప్పులు చేతిలో పట్టుకున్నారు. నేను పలకరించబోతే వేలు పెదాల మీద పెట్టి, తల కాస్త పక్కకి వంచి, ఆ పిల్ల ఊపిరి వింటున్నారు.