దొర చెవి, తారామణి గారి వేలు

తారామణి గారికి ఒక్కటే పిచ్చి. ఏ పనైనా సరే, ఇంకొకరికి చేసే ముందు తన మీద తాను చేసుకుని చూడాలి. "ముందు నాకు" అన్నది ఆవిడ ఊతపదం. విస్తరి ముందు ఈ మాట వింటే తిండిపోతు అనుకుంటారు. సూది ముందు వింటేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఆవిడ రాజమండ్రి మనిషి. ఒక సర్కారు ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరై, ఆరేళ్ల కిందట నాచారంలో మా ఇంటి పైవాటాలోకి అద్దెకు వచ్చారు. సామాను దించిన రోజే మాకు విషయం బోధపడింది. బీరువాను పైకెక్కించమని హమాలీలకు చెప్పబోయి ఆగి, "బరువెంతో చూస్తాను, ముందు నాకు" అని ఒక కొస పట్టుకున్నారు. నాలుగు మెట్లు ఎక్కారు. ఐదో మెట్టు మీద బీరువా ఆగింది, ఆవిడా ఆగారు. హమాలీలు ముందు ఆవిడను దించి, తర్వాత బీరువా సంగతి చూసుకున్నారు.

ఇంకోసారి ఎవరో పెద్దాయన మా గల్లీ చివర నిలబడి, ఉప్పల్ రింగ్ రోడ్డుకు ఈ బస్సు పోతుందా అని అడిగాడు. తెలియనిది చెప్పి ముసలాయనను తిప్పలు పెట్టడం ఇష్టం లేక ఆవిడ ఆ బస్సెక్కారు. రింగ్ రోడ్డులో దిగి, ఇంకో బస్సులో వెనక్కి వచ్చి, "పోతుందండీ" అని చెప్పడానికి చూస్తే ఆయన లేడు. ఆటోలో వెళ్లిపోయాడట. ఆ తర్వాత నెల రోజులు ఆ పెద్దాయన కోసం ఆవిడ బస్టాపు వైపు చూస్తూనే ఉన్నారు.

మా అమ్మాయి భాగ్యశ్రీ నులిపురుగుల మందు తాగనని మంచం కింద దూరితే, తారామణి గారు కూడా మంచం కిందికి దూరి, "ముందు నాకు" అని చెంచాడు తాగేశారు. "చేదు లేదు తల్లీ, నారింజ వాసన" అన్నారు. పిల్ల నోరు తెరిచింది. పిల్లను బయటికి లాగడం సులువే అయింది కానీ, తారామణి గారిని లాగడానికి మంచం ఎత్తాల్సి వచ్చింది.

ఎందుకండీ ఇదంతా అని ఒకసారి అడిగాను. ఆవిడ నవ్వలేదు. "ముప్పై ఏళ్లు ఎలుకలకి సూదులు పొడిచాను నాయనా. ఒక్కదాన్నీ అడిగి పొడవలేదు. ఇక చాలనిపించింది" అన్నారు. నేను టీ తెప్పించాను.

ఇప్పుడు దొర గురించి చెప్పాలి. దొర మా పిల్లి. నారింజ రంగు, పెద్ద పొట్ట. ఏ పనీ చేయడు, పెట్టింది తింటాడు, మంచి కుర్చీ చూసుకుని కూర్చుంటాడు కాబట్టి మా అమ్మ ముత్తమ్మే ఆ పేరు పెట్టింది. ఈ కాలనీ లేని రోజుల్లో ఇక్కడ జొన్న పండించిన మనిషి మా అమ్మ. ఎవరికీ తలవంచదు గానీ దొర ముందు మాత్రం గిన్నె పట్టుకుని వంగుతుంది. మధ్యాహ్నం ఇద్దరికీ పెరుగన్నం, సాయంత్రం ఇద్దరికీ రవ్వలడ్డు. వాడికి సగం, ఆమెకు ఒకటిన్నర.

కిందటి ఎండాకాలం దొర చిక్కిపోయాడు. బక్కెట్లో తల పెట్టి నీళ్లు తాగేవాడు. తారామణి గారు రెండు రోజులు గమనించి, ఉప్పల్‌లో పశువుల డాక్టరమ్మ ఉదయశ్రీ దగ్గరికి పోదామన్నారు. దొరను తీసుకుపోవడానికి ఒక ప్లాస్టిక్ బుట్ట కొన్నాం. వాడిని అందులో పెట్టే ముందు ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆవిడ పూర్తిగా పట్టలేదు. తల వరకు పట్టింది. "గాలి బాగానే ఆడుతోంది" అని లోపల్నుంచి చెప్పారు.

దొర చెవి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే నాలుగు వందల పన్నెండు. షుగరు.

"పిల్లికి షుగరేందమ్మా? వానికేం ఫికరున్నదని?" అంది మా అమ్మ.

"వస్తుందమ్మా. బాగా దాహం, మాటిమాటికి మూత్రం, తిన్నా చిక్కిపోవడం, పుండ్లు తొందరగా మానకపోవడం. ఇవన్నీ షుగరు గుర్తులే" అంది ఉదయశ్రీ.

ఆమె ఒక్కొక్కటి చెబుతుంటే నా తల దానంతటదే మా అమ్మ వైపు తిరిగింది. మా అమ్మ మంచం పక్కన బిందె ఉంటుంది, పొద్దున్నకు అది ఖాళీ. శివరాత్రికి కీసరగుట్ట ఒట్టికాళ్లతో ఎక్కినప్పుడు బొటనవేలికి రాయి కోసుకుంది. మూడు నెలలైనా ఆ పుండు మానలేదు. పక్కకు చూస్తే తారామణి గారు కూడా మా అమ్మ కాలినే చూస్తున్నారు.

"నన్నెందుకు సూస్తున్నరు? పిల్లిని సూడున్రి" అంది అమ్మ.

అమ్మకు పరీక్ష చేయించాలని రెండేళ్లుగా నేను చేయని ప్రయత్నం లేదు. మా మేనమామ బుచ్చిరాములు వేలికి పుండైతే తన కాళ్ల మీద తాను దవాఖానాకు పోయాడు. అక్కడ సూది గుచ్చి షుగరన్నారు, పాదం తీసేశారు. "సూది గుచ్చేదాంక మా అన్నకు కాలుండె" అని అమ్మ లెక్క. బతిమాలాను, అలిగాను. ఆఖరికి ఆధార్ కార్డుకు ఒక చుక్క రక్తం కావాలంటున్నారని అబద్ధం కూడా చెప్పాను. "ఏలిముద్ర ఇచ్చిన, సాలు పొమ్మను" అంది. ఆ కాలు చూసినప్పుడల్లా నాకు భయమేసేది.

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. "ఇక్కడికొస్తే భయానికి కూడా పిల్లులకు షుగర్ పెరుగుతది. వారం వారం ఉప్పల్ దాకా ఆటో, పరీక్ష, మీకు ఖర్చు, దానికి టెన్షన్. మెడికల్ షాపుల మనుషులకు అమ్మే షుగర్ మీటరే కొనుక్కోండి. అది పిల్లికి కొంచెం తక్కువ చూపిస్తది, అయినా ఫరవాలేదు, ఎప్పుడూ అదే మీటర్ వాడండి. చెవి అంచున సన్నగా గుచ్చాలి. అంకెలు రాసి నాకు పంపండి. ఇన్సులిన్ ఎంతో నేను చెప్తా, మీరు మార్చొద్దు. తిననప్పుడు ఇవ్వకుండా ముందు నాకు ఫోన్ చేయండి."

అలా తారామణి గారి జీవితంలో మహర్దశ మొదలైంది. మొదట డాక్టరమ్మ రాసిన పిల్లి తిండి కొన్నారు. షాపులోనే డబ్బా తెరిచి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. షాపతను కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. "చేపే. ఉప్పు బొత్తిగా లేదు. మంచిదే" అని తీర్పు చెప్పారు. తర్వాత ఖాళీ ఇన్సులిన్ సూదితో తొడ మీద పొడుచుకుని, "చీమ కన్నా తక్కువ" అన్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"గోవర్ధన్, నా చెవి అంచున పొడువు నాయనా."

"నాతోని కాదు మేడమ్. నాకు సూదంటేనే కళ్లు తిరుగుతయ్."

అద్దం ముందు నిలబడి తానే పొడుచుకున్నారు. నూట నాలుగు. షుగరు లేదు. చెవికి మాత్రం రెండు రోజులు పసుపు ఉంది. అద్దంలో కుడి ఎడమలు తారుమారై అవస్థగా ఉందని, మర్నాటి నుంచి వేలితో రాజీపడ్డారు.

దొర మాత్రం రాజీపడలేదు. మొదటిరోజు గుచ్చగానే తల విదిలించాడు. మీటరుకు అందాల్సిన చుక్క గోడ మీది క్యాలెండరుకు అందింది. ఆరు స్ట్రిప్పులు ఖరాబయ్యాయి. ఏడో దానికి చెవిలో రక్తమే రాలేదు.

దూరంగా కూర్చున్న మా అమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "సల్లటి చెవుల నెత్తురేడ వస్తది? కాపుడు పెట్టాలె" అని లేచి, గుడ్డలో ఉప్పు మూటకట్టి, పెనం మీద వెచ్చజేసి, తన చెంపకు ఆనించి చూసుకుని, దొర చెవికి పెట్టింది. వాడు కళ్లు మూసుకున్నాడు. తారామణి గారు చెవి అంచుకు కాస్త వాజిలిన్ రాసి గుచ్చారు. చుక్క ముత్యమంత గుండ్రంగా నిలిచింది. మీటరు పలికింది.

ఆ రోజు నుంచి పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి మా వరండాలో అదొక పూజ. అమ్మది కాపడం, తారామణి గారిది సూది, దొరది చెవి. ఎవరి సూది వారిదే, వాడింది డబ్బాలోకి. కానీ దొర కంటే ముందు, "ముందు నాకు" అని ఆవిడ వేలు. ఏ రోజూ తప్పలేదు. ఒక నోటుబుక్కులో మూడు గీతలు కొట్టి, ఒక వరుసలో దొర అంకె, ఒక వరుసలో తన అంకె రాసేవారు. మూడో వరుస ఖాళీ. అదేంటని అడిగితే, "ఏం లేదు నాయనా, ఖాళీగా ఉండనీ" అన్నారు.

దొర అంకె మెల్లగా దిగింది. మూడు వందలు, రెండు వందల యాభై, రెండు వందలు. తారామణి గారిది మాత్రం నూరు దగ్గరే కూర్చుంది. ఆవిడ వేళ్లు జల్లెడయ్యాయి. ఫోను ఆవిడ వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది. ఒకరోజు నాకు చిరాకేసింది.

"మేడమ్, మీకు షుగర్ లేదు. స్ట్రిప్పులు ఎందుకు వేస్టు?"

"దొరకి నొప్పెంతో తెలియాలి కదా."

"నెల దాటింది కదా, ఇంక తెల్వలేదా?"

"రోజూ ఒకేలా ఉండదు నాయనా."

చదువుకున్న పిచ్చికి మందు లేదనుకుని ఆఫీసుకు వెళ్లిపోయాను.

నలభై నాలుగో రోజు పొద్దున. నేను గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటున్నాను. అమ్మ కాపడం మూట పట్టుకుని ఉంది. తారామణి గారు వెలుతురులో చేతులు తిప్పుకుంటూ, పొడవడానికి జాగా ఉన్న వేలి కోసం వెతుకుతున్నారు. ఒక్కటీ నచ్చడం లేదు. అమ్మ ఆ వేళ్ల వంకే చూసింది.

"ఆగు తారమ్మ. రోజూ నీదేనా? ఇయ్యాల నీ ఏళ్లకు సుట్టీ ఇయ్యి. ముందుగాల మనిషిది కావాలె, గంతే గద. నాది తీస్కో."

నేను నురగ మింగేశాను. అమ్మ మనసులో ఇన్నాళ్లూ ఉన్నదేమిటో అప్పుడు అర్థమైంది. ఎవరో ఒక మనిషి వేలు పొడిస్తే తప్ప పిల్లి మీటరు పనిచేయదని ఆమె నమ్మకం. దొరకు తక్కువవుతున్నది కదా, పూజ తప్పకూడదు, కాబట్టి వేలు చాపింది.

తారామణి గారు కొత్త సూది తీశారు. ఆరేళ్లలో మొదటిసారి "ముందు నాకు" అనలేదు. "సరే వదినా" అని, అమ్మ వేలికి కాపడం పెట్టి, పొడిచారు. మూడు వందల ఎనభై ఆరు. తర్వాత దొరకు చూశారు.

"ఎంతొచ్చింది?" అంది అమ్మ.

"మీది మూడు వందల ఎనభై ఆరు వదినా. దొరది నూట అరవై నాలుగు."

అమ్మ దొర వైపు తిరిగింది. "గదేంది. పెరుగన్నం తిన్నది వాడు, షుగరు నాకా?"

"ఇద్దరూ తిన్నారు వదినా. లడ్డు మీరే ఎక్కువ తిన్నారు."

అప్పుడు అమ్మ గొంతు తగ్గింది. "ఐతె నా కాలు తీస్తరా తారమ్మ?"

తారామణి గారు దొరను ఎత్తి అమ్మ ఒళ్లో పెట్టారు. "వీడికి చెవులున్నాయా?"

"ఉన్నయ్."

"తోక?"

"ఉన్నది."

"ఎనభై ఏడు సార్లు పొడిచాం వదినా. ఒక్క ముక్క ఊడిపోలేదు. సూది ఏదీ తీసుకుపోదు. చూసుకోకపోతేనే పోతుంది. పదండి, నేనూ వస్తాను."

ఆ పూటే దవాఖానాకు పోయాం. ఇంకో నెల ఆగితే కాలి వేలు దక్కేది కాదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మందులు, రోజూ కట్టు, లడ్డు బందు. బతుకమ్మ నాటికి పుండు మానింది. అమ్మ రెండు కాళ్ల మీద బతుకమ్మ చుట్టూ తిరిగి, పక్కనున్నవాళ్లకు తన కాలి సంగతి కన్నా ముందు దొర అంకె చెప్పింది. ఇప్పుడు వాళ్లిద్దరికీ పోటీ. తనది దొర కన్నా తక్కువ వచ్చిన రోజు వాడిని చూసి మీసం లేకపోయినా మెలేస్తుంది.

ఇంకో సంగతి. అమ్మ వేలు చాపిన మర్నాటి నుంచి తారామణి గారు తన వేలు పొడుచుకోవడం మానేశారు. ఎందుకో అనుమానమొచ్చి నోటుబుక్కు మొదటి పేజీ తిరగేశాను. వరుసల పేర్లు అక్కడే రాసి ఉన్నాయి. మొదటిది దొర, రెండోది నేను. మూడోది, నలభై మూడు రోజులు ఖాళీగా ఉన్నది, మొదటి రోజు సిరాతోనే రాసి ఉంది: వదిన. స్ట్రిప్పులు వేస్టని ఆవిడను గదమాయించిన నా నోటిని తలుచుకుని సిగ్గేసింది. పైకి వెళ్లి ఆ మాటే చెప్పాను.

"దొర కోసమే చేశాను నాయనా" అన్నారు. "పక్కన వదిన కూర్చుని ఉన్నారు, అంతే."

కిందటి ఆదివారం ఆ నోటుబుక్కు అయిపోయి కొత్తది మొదలైంది. అందులో నాలుగు గీతలున్నాయి. నాలుగోదాని పైన నా పేరు. నాకు నలభై ఏడేళ్లు, రోజుకు ఐదు టీలు, ప్రతి టీలో రెండు చెంచాల చక్కెర. అమ్మను రెండేళ్లు సతాయించిన నేను ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను.

"ఇదేంది మేడమ్?"

"ఏం లేదు నాయనా, ఖాళీగా ఉండనీ" అని, తారామణి గారు కొత్త సూది తీసుకున్నారు. నాలుగు నెలల తర్వాత మళ్లీ ఆ మాట వినబడింది. "ముందు నాకు." తన వేలు పొడుచుకున్నారు. నూట రెండు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అప్పటికే పెనం మీద ఉప్పు మూట వెచ్చబడుతోంది.

"చెయ్యి ఇటు తే కొడుకా" అంది అమ్మ. "దొర సూస్తుండు. ఇజ్జత్ తియ్యకు."