కుళ్ళుబోతు కళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముఖ్యమైన మనిషి ఇంకా పుట్టనేలేదు. అమ్మ కడుపులో పడుకుని అక్కడి నుంచే ఇల్లంతా ఏలేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అంతకుముందు ఆ ఇంటిని ఏలింది నేనే కాబట్టి, గద్దె దిగినవాళ్ళ బాధ ఎలా ఉంటుందో ఆ వయసులోనే బాగా తెలిసింది.

మాది బందరు. చర్చి వెనక సందులో ఇల్లు. నాన్న మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా, నాయనమ్మ మాతోనే ఉండేది. అమ్మకి ఏడో నెలలో స్కాన్ తీస్తే కడుపులో బిడ్డకి రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయని తేలింది. మూత్రం బయటికి వచ్చే దారిలో ఎక్కడో అడ్డు ఉండి ఉండొచ్చని, చాలామంది పిల్లల్లో ఇలాంటి వాపు పుట్టాక దానంతట అదే తగ్గిపోతుందని, కొందరిలో తగ్గదని, ఈ బిడ్డ ఏ లెక్కలోకి వస్తాడో ఇప్పుడే చెప్పలేమని డాక్టరుగారు అన్నారట. ఆ రోజుల్లో స్కాన్ అంటేనే మాకు వింత. పుట్టని బిడ్డకి జబ్బు కనిపెట్టడమంటే ఇంకా వింత. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ మర్నాటి నుంచి వాడి రాజ్యం మొదలైంది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు గర్భంలో ఉన్న ఈ బిడ్డ కోసం అని ప్రత్యేకంగా ప్రార్థించేవారు. శుక్రవారం స్త్రీల కూటంలో ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీద ఉండి వాడి కోసం కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. అంతకుముందు ఏడాది నాకు తట్టు పోసి మంచం పడితే నా పేరు చర్చిలో ఎవరైనా ఎత్తారా? ఎత్తలేదు. వాడికింకా పేరు కూడా లేదు, అయినా అందరి నోటా వాడే. స్కాన్ బొమ్మని నాయనమ్మ తన బైబిల్లో కీర్తనల దగ్గర దాచుకుంది. నల్లటి కాగితం మీద బూడిద చల్లినట్టుండే ఆ బొమ్మలో కన్నూ లేదు, ముక్కూ లేదు. రెండు జడలు వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని నేను దిగిన స్కూలు ఫోటో మాత్రం బీరువా అడుగున పాత చీరల కింద ఉండేది.

నాకూ కడుపునొప్పిగా ఉంది, నాకూ స్కాన్ తీయించమని నాన్నని అడిగాను. నాన్న నవ్వి, కాస్త వాము చేతిలో పోసి నమలమన్నారు. వాము కంటే ఆ నవ్వు ఎక్కువ మండింది. అమ్మ పక్కన పడుకోబోతే, కడుపు తగులుతుంది అటు జరుగు అనేది నాయనమ్మ. అమ్మ మీద చెయ్యి వేసుకోకపోతే నిద్రపట్టని పిల్లని, గోడవైపు తిరిగి పడుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. నాకు వాడంటే అసూయ అని ఇప్పుడు అనొచ్చు గానీ అది మరీ మర్యాదైన మాట. మా ఇంటి భాషలో దాన్ని కుళ్ళు అంటారు. నేను నిలువెల్లా కుళ్ళుకున్నాను.

చివరికి వాడు పుట్టాడు. పుట్టిన మర్నాడు స్కాన్ తీస్తే కిడ్నీల వాపు బాగా తగ్గినట్టు కనిపించింది. డాక్టరుగారు మాత్రం తొందరపడొద్దన్నారు. తొలి రోజుల్లో పిల్లల ఒంట్లో నీరు తక్కువగా ఉంటుంది కాబట్టి వాపు ఉన్నా లేనట్టు కనబడొచ్చని, వారం దాటాక బెజవాడ తీసుకెళ్ళి మళ్ళీ తీయించాలని, ఈలోపు పిల్లాడు ఉచ్చ పోసేటప్పుడు ధారగా వస్తోందో చుక్కలుగా వస్తోందో కనిపెట్టి ఉండమని చెప్పారు. అన్ని మాటల్లోనూ మావాళ్ళకి వినబడింది ఒక్కటే, తగ్గింది అని.

నాయనమ్మ ఆ ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. మాలో సాక్ష్యం చెప్పడమంటే దేవుడు చేసిన మేలుని సంఘం ముందు నిలబడి ఒప్పుకోవడం. ఒకసారి చెప్పాక అది ఇంటి మాట కాదు, సంఘం మాట. కిడ్నీలు ఉబ్బిన బిడ్డని ప్రభువు ముట్టి స్వస్థపరిచాడని ఆవిడ చెబితే చర్చంతా స్తోత్రం అంది. వచ్చే శనివారం మా వాకిట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నామని, అందరూ భోజనానికి రావాలని కూడా పిలిచేసింది. ఆ హడావుడిలో బెజవాడ ప్రయాణం వెనక్కి జరిగింది.

ఇక ఇంట్లో వాడు ఉచ్చ పోస్తే పండగే. గుడ్డ తడిసిందని అమ్మ కేకేస్తే చాలు, ఆఫీసుకి బయల్దేరిన నాన్న కూడా చెప్పులు వదిలి లోపలికి వచ్చేవారు. నాయనమ్మ దండెం మీద ఆరేసిన గుడ్డల వరస చూపించి, ఇంతలా పోసే బిడ్డకి ఇంకా జబ్బేమిటండీ అని వచ్చినవాళ్ళందర్నీ అడిగేది. చిన్నప్పుడు పక్క తడిపినందుకు నేను తిన్న దెబ్బలు నాకు గుర్తున్నాయి. అదే పని వాడు చేస్తే స్తోత్రం. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉంటుందా అనిపించేది.

పొద్దున్నే వాడి గుడ్డ తీసేసి కాసేపు లేత ఎండలో చాప మీద పడుకోబెట్టేవాళ్ళు. కాకులు రాకుండా నన్ను పక్కన కూర్చోమనేవాళ్ళు. నేను కూర్చుని వాడినే చూస్తూ ఉండేదాన్ని. ముద్దుగా చూశాననుకోకండి. తప్పులు పట్టడానికి చూసేదాన్ని. తల సొట్టగా ఉంది. ఒక చెవి మడతపడింది. ఏడిస్తే మొహం వంకాయ రంగుకి తిరుగుతుంది. అలా వెతుకుతూ ఉంటే ఇంకోటి కనబడింది. పక్కింటి అక్క కొడుకుని ఎత్తుకుంటే వాడు పోసే ధార నా గౌను దాటి గడప మీద పడేది. వీడు అలా కాదు. కాళ్ళు ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని ముక్కుతాడు. ఒక చుక్క వస్తుంది. ఆగుతుంది. మళ్ళీ చుక్క. ఎప్పుడు చూసినా అంతే. అన్ని గుడ్డలు తడుస్తున్నది వాడు బాగా పోస్తున్నందుకు కాదు, ఆ చుక్కలు ఎంతకీ తెమలనందుకు.

అప్పుడు నా సంతోషం చూడాలి. పరుగున లోపలికి వెళ్ళి, మీ బంగారుకొండకి ఉచ్చ పోయడం కూడా సరిగ్గా రాదు అని చెప్పేశాను. నాయనమ్మ గభాలున నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"పాడునోరు! దేవుడు బాగుచేసిన బిడ్డని అలా అంటారటే?"

అమ్మ కోప్పడలేదు. బాగానే పోస్తున్నాడమ్మా, నేను చూస్తున్నాగా అంది నీరసంగా. అమ్మ అబద్ధం ఆడలేదు. ఆవిడకి నిజంగా అలాగే కనబడింది. ఆ రోజు నుంచి నన్ను చాప దగ్గరికి రానివ్వలేదు. దిష్టి అనే మాట మా ఇంట్లో అనకూడదు, అది మన నమ్మకం కాదు అని నాయనమ్మే చెప్పేది. కానీ నా చూపు వాడి మీద పడకుండా ఆవిడే మధ్యలో కూర్చునేది.

శుక్రవారం మధ్యాహ్నం కూడిక కోసం అవనిగడ్డ నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క, అక్కడ హైస్కూల్లో టీచరు. అప్పటికే వాకిట్లో షామియానా గుంజలు పాతుతున్నారు. అత్త కాళ్ళు కడుక్కుని వాడిని ఒళ్ళోకి తీసుకుంది. ధారగా పోస్తున్నాడా అని అందర్నీ అడిగింది. బ్రహ్మాండంగా అంది నాయనమ్మ. బాగానే అన్నారు నాన్న. అమ్మ తలూపింది. అత్త వాడిని అమ్మకిచ్చి, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు చెప్పవే. వాడెలా పోస్తున్నాడు?"

నాకు ఉక్రోషం వచ్చింది. నన్నెందుకు అడుగుతావు, నాకు వాడంటే కుళ్ళు అన్నాను.

"అందుకే అడుగుతున్నా," అంది అత్త. "మీ నాన్న పుట్టినప్పుడు నేనూ ఇలాగే కుళ్ళి చచ్చాను. వాడి ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కడెక్కడున్నాయో మా అమ్మకి తెలీదు, నాకు తెలుసు. ప్రాణం పెట్టుకున్నవాళ్ళకి పిల్లాడు బాగున్నట్టే కనబడతాడే, వాళ్ళ తప్పేం లేదు. ఉన్నది ఉన్నట్టు చూసేదానివి ఈ ఇంట్లో నువ్వొక్కదానివే."

ఆ తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పింది. నేను చుక్కలే అంటే అమ్మ వాడిని తీసుకుని మర్నాడే బెజవాడ వెళ్ళాలి. మళ్ళీ ఎప్పటికి వస్తుందో తెలియదు. ధారగానే అంటే అమ్మ ఇక్కడే ఉంటుంది. అబద్ధం ఆడకూడదని నీతులు చెప్పలేదు, దేవుడు చూస్తుంటాడనీ అనలేదు. ఆ రెండూ నా ముందు పెట్టి ఊరుకుంది.

ముందు రోజు సాయంత్రం వాడు నిద్రపోతుంటే అమ్మ నాకు జడ వేసింది. వాడు పుట్టాక అదే మొదటిసారి. ఆ వేళ్ళు ఇంకా నా తలలో తిరుగుతున్నట్టే ఉంది. ధారగానే అని ఒక్క మాట అంటే ఆ వేళ్ళు నావే. ఇంటిల్లిపాదీ అదే అంటున్నారు కాబట్టి నన్నెవరూ తప్పుపట్టరు కూడా. కానీ నా కళ్ళ ముందు వాడు కాళ్ళు ముడుచుకుని ముక్కే మొహమే కదులుతోంది. జాలి వేసిందని చెప్పను, వేసినట్టు గుర్తు లేదు. అంత శ్రద్ధగా చూసినదాన్ని చూడలేదని అనడం నాకు చేతకాలేదు. చుక్కలే అత్తా అన్నాను. చెప్పేసి భోరున ఏడ్చాను.

అత్త నన్ను ఊరుకోబెట్టలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, వాడి గుడ్డ విప్పి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తూ కూర్చుంది. అమ్మ తెచ్చిచ్చిన కాఫీ చల్లారిపోయింది. చివరికి వాడు కాళ్ళు ముడిచాడు. అత్త అమ్మ భుజం పట్టి కిందికి కూర్చోబెట్టి, మాట్లాడకుండా చూడు అంది. అమ్మ చూసింది. చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయనమ్మతో పెద్ద గొడవే అయింది. సాక్ష్యం చెప్పిన నోటితో మళ్ళీ జబ్బని ఎలా చెప్పనే అని ఆవిడ ఏడ్చింది. అత్త వినలేదు. తెల్లవారి బస్సుకి అమ్మా నాన్నా వాడిని తీసుకుని వెళ్ళిపోయారు. ఆ కంగారులో అమ్మ నాకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. సాయంత్రం షామియానా కింద అందరూ కూర్చున్నాక నాయనమ్మ లేచింది. నేను తొందరపడ్డానండీ, బిడ్డకి ఇంకా నయం కాలేదు, ప్రార్థన చెయ్యండి అంది. అంతమంది ముందు ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత గుండె కావాల్సి వచ్చిందో అప్పుడు నాకు తెలియలేదు. నేను మాత్రం, మళ్ళీ వాడి కోసమే ప్రార్థన, అనుకున్నాను.

బెజవాడలో తీసిన స్కాన్‌లో వాపు మళ్ళీ కనబడింది. మూత్రం వచ్చే దారిలో పుట్టుకతోనే ఏర్పడిన పల్చటి పొర ఒకటి అడ్డుపడుతోందట. సన్నటి గొట్టం లోపలికి పంపి దాన్ని కోసేశారు. ఇంకా ఆలస్యమైతే రెండు కిడ్నీలూ దక్కేవి కావన్నారు. ఒకటి చక్కగా కోలుకుంది, రెండోది ఇప్పటికీ అరకొరగానే పనిచేస్తుంది. అమ్మ చాలా రోజులు రాలేదు. నాయనమ్మ వేసే జడ వంకరగా ఉండేది. అమ్మ తిరిగొచ్చిన రోజు కూడా ముందు వాడిని పక్క మీద సర్ది, ఆ తర్వాతే నన్ను దగ్గరికి తీసుకుంది. అందుకూ కుళ్ళుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. అమ్మా నాన్నా లేరు, నాయనమ్మ లేదు, అత్తా లేదు. తమ్ముడు గుడివాడలో కాలేజీ లెక్చరరు. బీపీ, రక్తపరీక్షలు ఏటా చేయించుకుంటూ ఉండాలి, బతికున్నంతకాలం ఉండాలి. వాడు వాయిదా వేస్తాడు. వాళ్ళావిడ మంచి పిల్ల, వాడంటే ప్రాణం. అందుకే ఎప్పుడు ఫోన్ చేసినా, ఆయన బాగానే ఉన్నారండీ వదినగారూ అంటుంది. నేను ఆ మాట విని ఊరుకోను. బస్సెక్కి గుడివాడ వెళ్తాను. వాడు కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని, నీరు పట్టి ఉబ్బాయేమోనని కళ్ళ కింద చూస్తాను, పాదాలు చూస్తాను. నాలో తప్పులు వెతకడం ఇంకా మానవా అక్కా అని నవ్వుతాడు. మానను. అమ్మ చివరి రోజుల్లో కూడా ముందు వాడి పేరే పిలిచింది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. దాచుకోవడం దేనికి?

మొన్నామధ్య వాడి కాలి మీద వేలితో నొక్కి చూస్తే గుంట పడింది. ఎండలకేమోనండీ అంది వాళ్ళావిడ. వాడూ అదే అన్నాడు. నేను సంచి సర్దుకుని, పద బెజవాడ అన్నాను. బీపీ పెరిగిందని డాక్టరుగారు మందులు మార్చి, మంచి సమయానికే తీసుకొచ్చారమ్మా అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నేను వాడికే ఇచ్చాను. ఇచ్చి, దారంతా కుళ్ళుకుంటూనే కూర్చున్నాను.