మగ్గం పట్టే ఇల్లు

మొన్న పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే నాయన ఫోన్ చేశాడు. ఎప్పుడు చేసినా ముందు "తింటివా?" అని అడిగే మనిషి ఆ రోజు అడగలేదు.

"అవ్వ పోయిందిమ్మా. టీ తాగి అరుగు మీద కూర్చున్నింది. అట్లే గోడకు ఒరిగిపోయింది" అన్నాడు.

అవ్వ అంటే మాకు చుట్టం కాదు. ధర్మవరంలో మా అమ్మానాయన ఇప్పటికీ అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ. ఆ వాకిట్లో అద్దెకు ఉన్నవాళ్ళందరికీ ఆమె అవ్వే. ఫోన్ పెట్టేసి, సెలవు చెప్పి, అనంతపురం బస్టాండుకు నడుస్తూ దారిలోనే ఏడ్చాను. ఇంటి ఓనరు పోతే అద్దెకున్న వాళ్ళ పిల్ల ఏడవడం మీకు వింతగా అనిపించవచ్చు. అందుకే ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను.

మేము కొత్తచెరువు నుంచి ధర్మవరం వచ్చేటప్పటికి నేను చిన్నపిల్లను. నాయన ఒకరి షెడ్డులో కూలికి పట్టుచీరలు నేసేవాడు. ఇంట్లోనే సొంత మగ్గం వేసుకోవాలని ఆయన ఆశ. మగ్గమైతే దొరికింది, దాన్ని పెట్టుకోనిచ్చే ఇల్లే దొరకలేదు. మగ్గం వేయాలంటే నేలలో గుంత తవ్వాలి. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి తొక్కుతూ ఉండాలి. బండలు పగులుతాయని ఒకరు, పొద్దస్తమానం చప్పుడని ఒకరు కాదన్నారు.

అవ్వ ఇంటి వెనక వరుసగా మూడు పోర్షన్లు ఉండేవి. చివరిది చాన్నాళ్ళుగా ఖాళీ. బండల మిద్దె, కిటికీ లేదు, పగలు కూడా దీపం వేసుకోవాల్సినంత చీకటి. ఎవరొచ్చినా ఒక ఎండాకాలం గడిపి వెళ్ళిపోయేవారట. నాయన భయపడుతూనే మగ్గం సంగతి చెప్పాడు. అవ్వ వెంటనే ఔననలేదు, కాదనలేదు.

"మగ్గానికి ఏమేమి కావల్లప్పా?" అని అడిగింది.

"వెలుతురు కావల్లవ్వా. గుంతలో చెమ్మ ఉండకూడదు. అంతే."

"ఈ రెండూ ఈ ఇంట్లో లేవు కదా."

"లేవు. అయినా యాడా ఇల్లు దొరకలేదు."

"సరే. నాలుగు దినాలు ఆగి రా" అంది.

మళ్ళీ వెళ్ళేసరికి ఆ గది మధ్యలో గుంత తవ్వించి ఉంది. పక్కలకు ఇటుకలు కట్టించి సిమెంటు పూయించింది. మిద్దెకు పాతకాలం గవాక్షి ఉండేది. పైనుంచి వెలుతురు రావడానికి ఇంటి కప్పులో వదిలే కంత అది. వానకు కురుస్తోందని ఎవరో ఎప్పుడో దాని మీద బండ మూసేశారు. ఆ బండ తీయించి మందపాటి అద్దం పెట్టించింది. మేస్త్రీ పని అయిందన్నాక ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించింది. చేతులు ముందుకు చాచి చూసింది.

"వెలుతురు నా వీపు మీద పడతాంది, చేతుల మీద పడల్ల గదప్పా. మగ్గాన్ని ఇటు తిప్పి వేసుకో" అని నాయనకు చెప్పింది.

గుంత చుట్టూ జానెడు ఎత్తు గట్టు కూడా కట్టించింది. అదొక్కటే నాయనకు నచ్చలేదు. వచ్చేటప్పుడు పోయేటప్పుడు కాలికి తగులుతుందన్నాడు. "తగిలితే చూసుకుని నడువు. వాన మన ఊరికి రాదని రాసిచ్చినారా ఎవురన్నా?" అని ఊరుకుంది.

ఆమె పద్ధతి అది. ఏ పోర్షన్ ఖాళీ అయినా, కొత్తవాళ్ళు రాకముందు చాపా దిండూ తీసుకుపోయి అందులో పడుకునేది. దోమలు ఎటునుంచి వస్తున్నాయి, మోరీ వాసన కొడుతోందా, మధ్యాహ్నం మిద్దె ఎంత కాలుతోంది, అన్నీ తానే చూసుకునేది. "ఇల్లు నిలబడి చూస్తే తెలీదు, పండుకుంటే తెలుస్తాది" అనేది. తరువాత పెద్ద ఖర్చు లేని పనులే చేయించేది. కిటికీకి జాలీ, వాకిలి పక్కనే చేతికందేలా స్విచ్చి, బట్టలకు దండెం, గిన్నెలకు గోడలో బండ అలమర. ఎండలు ముదరకముందే మిద్దెల మీద చిక్కగా సున్నం కొట్టించేది. మా మిద్దెకు సున్నం కొట్టించిన ఏడాదే మేము మొదటిసారి మధ్యాహ్నం ఇంట్లో పడుకోగలిగాము.

ఇలా రాస్తుంటే ఆమె ధర్మాత్మురాలని మీరు అనుకుంటారేమో. ఆమె వింటే ఒప్పుకునేది కాదు. ఏ పని చేయించినా కిరాయి పెంచేది, అది ముఖం మీదే చెప్పేది. "చేసింది చూపిచ్చి అడుగుతాండా. చేయకుండా అడిగితే చెప్పు" అనేది. ఆమెకు వేరే ఆదాయం లేదు. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఉన్న ఒక్క కూతురినీ ఆ మూడు పోర్షన్ల మీదే చదివించి గార్లదిన్నెలో ఇచ్చింది.

మా ఊళ్ళో వాన కోసం ఎదురుచూడటమే గాని, వానకు భయపడటం మాకు అలవాటు లేదు. ఒక ఏడు మాత్రం పట్టిన వాన వదల్లేదు. నాయన గుమ్మఘట్టలో చుట్టాల పెళ్ళికి పోయి, దారులు తెగి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో అమ్మా నేనూ. మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర, దాని వెనక ఇంకా నేయాల్సిన పట్టుదారమంతా సాగదీసి ఉంది. అది మాది కాదు, షావుకారు ఇచ్చింది. తడిసి పాడైతే నాయన మళ్ళీ షెడ్డు కూలికి పోవాల్సిందే.

మధ్యాహ్నానికి వీధిలో నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయి. అమ్మ మగ్గాన్ని పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు అవ్వ తల మీద గోనెసంచి కప్పుకుని మోకాలిలోతు నీళ్ళలో వచ్చింది.

"ఏడ్చేది తర్వాత ఏడుద్దువు గాని, ముందు గిన్నెలు తీసుకో" అంది అమ్మతో.

పాతబట్టలు చుట్టి గడపకు అడ్డం పెట్టింది. ముగ్గురం నీళ్ళు ఎత్తి బయట పోస్తూనే ఉన్నాము. ఎర్రనీళ్ళు గుంత గట్టు దాకా వచ్చి, దాన్ని ఆనుకుని నిలబడ్డాయి. గట్టు దాటలేదు. పొద్దు వాలేసరికి వాన తెరిపిచ్చింది. ఆ వీధిలో చాలా గుంతలు బావుల్లా నిండిపోయాయి. మా గుంతలో నీళ్ళు చేరలేదు. అమ్మ దారం మీద చెయ్యి పెట్టి చూసి, పొడిగా ఉందని రెండుసార్లు చెప్పి, అక్కడే కూలబడింది. అవ్వ పక్కన కూర్చుని అమ్మ తల తుడిచింది.

నాయన తిరిగొచ్చి, గట్టును చూసి, నేరుగా పోయి అవ్వ కాళ్ళకు దండం పెట్టాడు.

"లే అప్పా. వచ్చే నెల నుంచి కిరాయి పెంచుతాండా" అందామె.

నాయన నవ్వాడు. అమ్మకు మాత్రం కోపం వచ్చింది. కొన్నాళ్ళు అవ్వతో మాట్లాడలేదు. అంతలో వెనక దొడ్లో పని మొదలైంది. అప్పటిదాకా మూడు కుటుంబాలకూ తడికెల చాటున ఒకటే స్నానాల చోటు. ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి పోసుకోవాలి. అవ్వ మూడు పోర్షన్లకూ మూడు గదులు కట్టించి, ఒక్కోదానికి రేకు తలుపూ లోపల గడియా బయట తాళమూ పెట్టించింది. అమ్మ చేతిలో తాళంచెవి పెడుతూ అన్న మాట నాకు బాగా గుర్తు.

"నేనూ అనంతపురంలో కిరాయికి ఉన్నిదాన్నేమ్మా. మా ఆయప్ప లారీ మీద పోతే వారం దినాలు రాడు. ఆ ఇంట్లో నీళ్ళు పోసుకునే చోటుకు తలుపు లేదు. ఓనరును అడిగితే నవ్వినాడు. చీర అడ్డం కట్టుకుని పోసుకుంటా ఉంటి. ఆ దినమే అనుకుంటి, నాకంటూ ఇల్లుంటే ముందు తలుపులు పెడతానని."

అమ్మ ఆ గడియను వేసి తీసి, వేసి తీసి చూసింది. మళ్ళీ మాటలు కలిశాయి.

ఇప్పుడు నేనూ అనంతపురంలో అద్దె ఇంట్లోనే ఉన్నాను. ఏ ఇల్లు చూడబోయినా ముందు స్నానాల గది తలుపు మూసి చూస్తాను. ఓనర్లు విచిత్రంగా చూస్తారు.

నేను చేరేసరికి వాకిలి నిండా జనం. ఆ ఇంట్లో ఎప్పుడెప్పుడో ఉండి వెళ్ళినవాళ్ళంతా వచ్చారు. ఒకామె కన్నడంలో ఏడుస్తోంది. నాయన పాడె పట్టాడు. అవ్వ కూతురు నన్ను చూసి, "మీ అమ్మావాళ్ళను కదలొద్దని చెప్పమ్మా. ఇల్లు ఇట్లే ఉంటాది. కిరాయి మాత్రం నేనూ పెంచుతా" అంది. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాము.

అందరూ శ్మశానానికి వెళ్ళాక వాకిలి ఖాళీ అయింది. మధ్య పోర్షన్‌లో అలికిడైతే తొంగిచూశాను. ఈమధ్యే కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి, మూటలు ఇంకా విప్పలేదు. నిలబడి వండుకోవడానికి అవ్వ ఆమెకు కొత్తగా సిమెంటు గట్టు కట్టించిందట. మేస్త్రీ పని ముగించి పోయింది అంతకు ముందురోజే. గట్టు మీద గోనెపట్టలు పరిచి ఉన్నాయి.

"పూటపూటకూ నీళ్ళు పోయమని చెప్పిందక్కా, లేకుంటే పగుళ్ళిస్తాదంట" అంది నన్ను చూసి. చావు జరిగిన రోజు అలా నీళ్ళు పోయొచ్చో లేదో తెలియక తటపటాయిస్తోంది.

"పోయమ్మా" అన్నాను.

ఆ పిల్ల చెంబు ముంచి, ఒక కొస నుంచి ఇంకో కొసకు నెమ్మదిగా పోసుకుంటూ వచ్చింది. గోనెపట్టలు నల్లబడ్డాయి. వాటి అంచుల నుంచి నీళ్ళు చుక్కచుక్కగా నేల మీదికి జారుతున్నాయి.